ఏటి వెంట దారి

కోరుట్లలో ఒక పాత పెంకుటింటి వసారాలో తండ్రీకొడుకులు నేలమీద ఒక పటాన్ని పరచుకొని కూర్చున్నారు. భాద్రపదపు ముసురు మూడు రోజులుగా విడవలేదు. తండ్రి ముప్ఫై ఏళ్లకు పైగా తెలుగు ఉపాధ్యాయుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడు. కొడుకు సౌదీ అరేబియాలో భారీ ట్రెయిలర్లు నడిపే డ్రైవరు. నలభై అయిదు రోజుల సెలవు మీద ఇంటికి వచ్చి అప్పటికి వారం రోజులైంది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలలో ఇటువంటి సెలవులు కొత్తవి కావు. ప్రతి వాడకట్టులోనూ ఎవరో ఒకరి ఇంట, రావలసిన రోజునో పోవలసిన రోజునో లెక్కపెట్టుకుంటూనే ఉంటారు.

ఈసారి వచ్చిన కొడుకుకు సెలవులో చేయవలసిన పని ఒకటి ఉంది. నిరుడు శ్రావణంలో అతని తల్లి మరణించింది. ఆ కబురు అందిన వేళ అతడు రబ్ అల్ ఖాలీ ఎడారి అంచున బండి మీద ఉన్నాడు. యజమాని సెలవు ఇవ్వలేదు. దహన సంస్కారాన్ని అతడు చేతిలోని ఫోనులో చూశాడు. అదైనా మధ్యలో సిగ్నలు తెగిపోయింది. అస్థికలను తమ్ముడు ధర్మపురికి తీసుకొనిపోయి గోదావరిలో కలిపాడు. సంవత్సరీకానికైనా చేరుకోవాలని అతడు ఎంత ప్రయత్నించినా పది రోజులు ఆలస్యమైంది.

తల్లి పుట్టిన ఊరు సిరిసిల్లకు దిగువన, మానేటి ఒడ్డున ఉండేది. మధ్య మానేరు జలాశయం కింద మునిగిన గ్రామాలలో అదొకటి. ఆమె పుట్టినది మానేటి ఒడ్డున, కలిసినది గోదావరిలో. ఆ రెండు నదులు మంథని మండలంలోని ఆరెంద దగ్గర ఒకటవుతాయి. తండ్రిని వెంటబెట్టుకొని రెండు నదుల వెంట ఆ కూడలి దాకా పోయి రావాలని కొడుకు అనుకున్నాడు. ఎందుకని తండ్రి అడుగలేదు, కొడుకు చెప్పలేదు. దారి గురించి మాత్రమే మాట్లాడుకున్నారు.

నేలమీద పరచిన పటం పాత కరీంనగరు జిల్లాది. తండ్రి పదవీ విరమణ చేసిన నాడు, పాఠశాలలో అంచులు చిరిగి అటక మీద పడి ఉన్నదానిని అడిగి తెచ్చుకున్నాడు. 2016 అక్టోబరులో జగిత్యాల, రాజన్న సిరిసిల్ల వేరువేరు జిల్లాలు కావడానికి చాలా ఏళ్ల ముందు అచ్చయిన పటం అది. అందులో మానేరు సన్నని నీలి గీత. ఆ గీత పక్కన ఒక నల్లని చుక్క, చుక్క పక్కన అత్తగారి ఊరి పేరు. కొడుకు చేతిలోని ఫోనులోనూ పటం ఉంది. అందులో అదే చోట వెడల్పయిన నీలం తప్ప మరేమీ లేదు. తండ్రి కళ్లద్దాలు సవరించుకొని ఫోనును ఒకసారి, పటాన్ని ఒకసారి చూచి, ఫోనును మెల్లగా పక్కన పెట్టాడు.

కొడుకు అప్పటికే ఒక ప్రణాళిక వేసి ఉంచాడు. కోరుట్ల మీదుగా పోయే 63వ నంబరు జాతీయ రహదారి జగిత్యాల, ధర్మపురి మీదుగా రాయపట్నం వంతెన దాటి లక్సెట్టిపేట వైపు పోతుంది. ధర్మపురి దాకా తిన్నని దారి. అక్కడ స్నానం, దర్శనం. తరువాత కోటిలింగాల, ఎల్లంపల్లి చూచుకొని మంథని చేరి, ఆరెందలో నదుల కలయిక చూడడం మొదటి రోజు పని. రెండవ రోజు కరీంనగరు మీదుగా మానేటి వెంట పైకి వచ్చి, సిరిసిల్లలో చెల్లెలి ఇంట భోజనం చేసి, వేములవాడ మీదుగా ఇల్లు చేరడం.

"రెండు రోజుల పని, బాపూ! మొదటి రోజు గంగ, రెండో రోజు మానేరు" అన్నాడు.

ఈ ప్రాంతంలో గోదావరిని గోదావరి అని పిలిచేవారు తక్కువ. అందరికీ అది గంగే. గంగకు పోయినమంటే గోదావరికి పోయినట్టు.

అతని ప్రణాళికలో లోపం పట్టడం కష్టం. ఎడారిలో బండి నడిపినవాడి జాగ్రత్త అందులో కనిపిస్తుంది. సౌదీలో హరద్ నుంచి బత్హా దిక్కుగా పోయే రహదారి రెండు వందల కిలోమీటర్లకు పైగా మలుపన్నది లేకుండా సాగుతుంది. అటువంటి దారిలో నిద్ర ముంచుకురావడమే మొదటి గండం. బండి ఆగిపోతే సహాయం ఎప్పుడు వస్తుందో తెలియదు కనుక, మనిషికి ఎన్ని లీటర్ల నీరు, ట్యాంకులో ఎంత డీజిలు, ఎన్ని స్టెప్నీలు, ఏ ఊరి తరువాత ఫోను పలుకదు అన్న లెక్క బయలుదేరే ముందే తేల్చుకోవాలి. నీరు లేని చోట బతకడానికి అతడు నేర్చిన విద్య అది. దానినే అతడు తన సొంత జిల్లా నదికి అన్వయించాడు. కిరాయికి తెచ్చుకున్న పాత జీపులో ఇరవై లీటర్ల నీళ్ల డబ్బా, రెండు స్టెప్నీలు, జాకీ, పానాలు, తాడు సిద్ధమయ్యాయి. అడుగడుగునా చేదబావులూ టీ బండ్లూ ఉన్న దేశంలో ఇరవై లీటర్ల నీళ్లు ఎందుకని ఇరుగుపొరుగు నవ్వారు. అలవాటు అంత సులువుగా పోదు.

తండ్రి మాత్రం నవ్వలేదు. "అన్నీ మంచిగనే రాసినవు. నీళ్లనైతే అడగలేదు" అన్నాడు.

ఆయన అన్నదానిలో నిజం ఉంది. నది వెంట ప్రయాణమన్నది పేరుకు మాత్రమే. మన దగ్గర రహదారి ఎక్కడా నదిని అంటిపెట్టుకొని పోదు. కోరుట్ల నుంచి గోదావరి ఒడ్డు చేరాలంటే మల్లాపూరు వైపో రాయికల్ వైపో ఉత్తరంగా పోవాలి. ఒడ్డున ఉన్న ఒక పల్లె నుంచి మరొక పల్లెకు పోవాలంటే వెనక్కి వచ్చి, పెద్ద దారి ఎక్కి, మళ్లీ కిందికి దిగాలి. మధ్యన వాగులు. వాగు మీద కల్వర్టు ఉంటే దారి ఉంది, కల్వర్టు మీద నీరు ఉంటే దారి లేదు. నల్లరేగడిలో బండి దిగబడితే జాకీ కూడా నేలలోకే దిగుతుంది. ఆస్ట్రేలియాలో డార్లింగ్ నది వెంట బోర్క్ నుంచి వెంట్‌వర్త్ దాకా వందల కిలోమీటర్ల మట్టిదారి ఉంది. నిర్జన ప్రదేశాలలో బండి నడపడం మీద ఇష్టమున్నవారు ఆ దారి మీద ప్రయాణానికి నెలల ముందు నుంచి ఏర్పాట్లు చేసుకుంటారు. అక్కడా వాన పడితే ఆ బంకమట్టి దారులను మూసివేస్తారు. మూసిన దారిలో బండి నడిపినవారికి జరిమానా వేస్తారు. ఖండాలు వేరైనా నల్లమట్టి గుణం ఒక్కటే.

అయితే డార్లింగ్ ఒడ్డున లేని చిక్కు ఒకటి ఇక్కడ ఉంది. ఇక్కడి నీరు వాన మాట ఒక్కటే వినదు, గేట్ల మాట కూడా వింటుంది. ఎగువన పోచంపాడులోని శ్రీరాంసాగరు నీటిమట్టం 1091 అడుగులకు చేరిందంటే నిండినట్టే. ఆ సంఖ్య దగ్గరపడుతున్న కొద్దీ దిగువ పల్లెలలో చాటింపు మొదలవుతుంది. ఆవలి ఒడ్డు నుంచి కడెం వాగు వచ్చి కలుస్తుంది. 2022 జూలైలో కడెం జలాశయానికి దాదాపు 5 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. ఉన్న 18 గేట్లు మోయగలిగిన దానికంటే అది ఎక్కువ. ఆ నాలుగు రోజులు గోదావరి రెండు ఒడ్డుల జనం కంటిమీద కునుకు లేకుండా గడిపారు. తండ్రి ఉదయం పత్రిక రాగానే మొదట జలాశయాల నీటిమట్టాల పట్టిక చదువుతాడు. రాజకీయాలు ఆ తరువాతే.

మానేటి సంగతి మరింత చిత్రం. నర్మాల వద్ద ఎగువ మానేరు, మన్వాడ వద్ద మధ్య మానేరు, కరీంనగరు వద్ద దిగువ మానేరు - ఒక్క ఏటికి మూడు జలాశయాలు. మధ్య మానేరులో పాతిక టీఎంసీలకు పైగా నీరు నిలుస్తుంది. అదంతా మానేటి నీరు కూడా కాదు. శ్రీరాంసాగరు నుంచి వరద కాలువ గోదావరి నీటిని అక్కడికే తెస్తుంది. 2019 జూన్‌లో కాళేశ్వరం ఎత్తిపోతల పథకం ప్రారంభమైన తరువాత, ఆరెందకు ఇంకా దిగువన ఉన్న గోదావరి నీటిని పంపులతో ఎత్తి, మెట్టు మీద మెట్టుగా వెనక్కి నడిపించి, మధ్య మానేరులో పోశారు. 2023 అక్టోబరులో మేడిగడ్డ బ్యారేజి పియర్లు కుంగడంతో అక్కడి నుంచి ఎత్తిపోత ఆగింది. కొంతకాలంపాటు కూతురు తల్లి ఇంటికి పోవడానికి బదులు తల్లే కూతురి ఇంటికి వచ్చినట్టయిందని తండ్రి చమత్కరించాడు. చమత్కరించిన వెంటనే ఎందుకో మౌనం వహించాడు.

ఆ రాత్రి ఆయన అలమర నుంచి ఏనుగుల వీరాస్వామయ్య "కాశీయాత్ర చరిత్ర"ను తీశాడు. మద్రాసు సుప్రీంకోర్టులో ద్విభాషిగా పనిచేసిన వీరాస్వామయ్య 1830 మే 18న మద్రాసు నుంచి బయలుదేరి, హైదరాబాదు, నిర్మల, నాగపూరు మీదుగా కాశీ చేరి, తూర్పుతీరం వెంట తిరిగి 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరుకున్నాడు. దారిలో గోదావరిని దాటినది ఈ పైభాగంలోనే. మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకు ఆయన రాసిన విశేషాలు 1838లో గ్రంథంగా వెలువడ్డాయి. ఆ పుస్తకాన్ని భక్తితో చదివేవారు ఉన్నారు, చరిత్ర కోసం చదివేవారు ఉన్నారు. తండ్రికి నచ్చినది మరొకటి. ఏ మజిలీకి పోయినా ఊరు ఎటువంటిది, అంగళ్లు ఉన్నాయా, నీటి వసతి ఎట్లా ఉంది, దారి రాతిదా, ఇసుకదా, అడుసుదా అని వీరాస్వామయ్య నమోదు చేస్తాడు. తనకోసం కాదు, వెనుక వచ్చేవారి కోసం. అన్ని రాజ్యాలు దాటి, అంత పరివారాన్ని వెంటబెట్టుకొని పోయి, క్షేమంగా తిరిగి రావడానికి ఆ అడగడమే సగం కారణమని తండ్రి నమ్మకం.

మరునాడు ఆయన ఒక కొత్త నోటు పుస్తకంలో గీతలు గీసి గళ్లు కట్టాడు: మజిలీ, దూరం, దారి తీరు, నీరు, బస. కొడుకు దూరాల గడి అయిదు నిమిషాలలో నింపాడు. నీటి గడి దగ్గర పెన్ను ఆగింది.

ముసురు విడిచిన తరువాత ఇద్దరూ రెండు మూడు సార్లు ఒడ్డు పల్లెలకు పోయి విచారించి వచ్చారు. ప్రణాళిక అంటే ఇంట్లో కూర్చొని వేసేదని అనుకున్న కొడుకుకు ఈ విచారణే ఒక ప్రయాణమైంది. రాయికల్ దిగువన ఒక ఒడ్డు మీద వల బాగుచేసుకుంటున్న ముసలి జాలరి వారికి చాలా చెప్పాడు. కొడుకు నది దాకా జీపు పోతుందా అని అడిగాడు.

"పోతది. రావుడే కష్టం" అన్నాడు అతడు. "గేట్లు దించినంక నీళ్లు తగ్గినయ్ గదా అని ఇసుక మీదికి దిగద్దు, సారూ! పైన గట్టిగనే కనవడ్తది, లోపల మెత్తగుంటది. ఇంకొకటి, ఇసుక తోడిన గుంతలు. మా తాతకు తెల్వని గుంతలు గంగల ఇప్పుడున్నయి. నిరుడు మోకాలి లోతున్న కాడ ఈ యేడు మనిషి మునుగుతడు."

కొడుకు ఆ మాటలు నీటి గడిలో రాసుకున్నాడు. గడి సరిపోలేదు, అట్ట వెనుక రాశాడు. ఎడారిలో నీరు లేకపోవడం ప్రమాదమని అతనికి తెలుసు. తాను పుట్టిన నేలలో మోకాలి లోతు నీటికి కూడా ఒకరిని అడిగి దిగాలన్నది మరచిపోయినందుకు అతనికి కొంచెం సిగ్గు కలిగింది.

మజిలీలలో తండ్రికి అన్నింటికంటే ఇష్టమైనది కోటిలింగాల. పెద్దవాగు గోదావరిలో కలిసే చోట ఉన్న ఆ ఊరి మట్టిదిబ్బలలో దొరికిన నాణేలు, ఆ తరువాత జరిపిన తవ్వకాలు తెలుగు నేల చరిత్రను రెండు వేల ఏళ్ల వెనక్కి తీసుకొనిపోయాయి. శాతవాహన వంశ స్థాపకుడు సిముకుని నాణేలతో పాటు, అంతకు ముందు పాలించిన గోభద, సమగోప వంటి స్థానిక రాజుల నాణేలూ అక్కడ వెలుగుచూశాయి. శాసన పరిశోధకుడు పి.వి. పరబ్రహ్మశాస్త్రి వాటిని పరిశీలించి వాటి విలువను లోకానికి చాటాడు. కోట గోడ ఆనవాళ్లున్న ఆ ఊరికి ఇప్పుడు ఎల్లంపల్లి వెనుక నీరు కాళ్ల దగ్గరకు వచ్చింది. ఇవన్నీ తండ్రి బడిపిల్లలకు చెప్పినట్టు చెప్పుకొనిపోతుంటే కొడుకు అడ్డు తగిలాడు.

"బాపూ, అమ్మమ్మోళ్ల ఊరు ఎక్కడుండెనో చెప్పు. నీళ్ల మీద ఎట్ల గుర్తువట్టాలె?"

ఇది అతడు అన్నిటికంటే ముందు అడగదలచి, అడగలేక వాయిదా వేస్తూ వచ్చిన ప్రశ్న. ఎండాకాలం నీరు బాగా తగ్గితే మొండిగోడలు తేలుతాయి. ఆశ్వయుజంలో నీరు నిండుగా ఉంటుంది. తండ్రి పాత పటం మీద వేలు పెట్టి, కళ్లు మూసుకొని, పెళ్లినాడు ఎడ్లబండి మీద పోయిన దారిని చెప్పసాగాడు. బోడగుట్ట ఎడమ భుజానికి వచ్చేదాకా పోవాలి. అక్కడ చింతతోపు ఉండేది. తోపు దాటితే మర్రి, మర్రి కింద హనుమంతుడు. అక్కడి నుంచి అరమైలు లోపే ఇల్లు. చింతతోపు పోయింది, మర్రి పోయింది. గుట్ట మాత్రం ఎక్కడికీ పోలేదు. కొదురుపాక వంతెన మీద నిలబడి చూస్తే ఆ గుట్ట కనిపించాలి. గుట్టను ఎడమ భుజానికి పెట్టుకొని తాటిచెట్టంత పొద్దును చూస్తే, ఆ రెంటి నడుమ ఎక్కడో ఊరు. కొడుకు దానిని యథాతథంగా నోటు పుస్తకంలో రాశాడు. ఫోను పటం ఇవ్వలేని గుర్తు అదొక్కటే.

తారీఖు దసరా వెళ్లిన తరువాత వారానికి కుదిరింది. అప్పటికి వానలు వెనకబడతాయి, గేట్లు మూస్తారు, వాగుల మీది దారులు ఆరుతాయి. సెలవులో ఇంకా అయిదారు రోజులు మిగిలి ఉంటాయి. అంతా సిద్ధమైందనుకున్న రాత్రి సిరిసిల్ల నుంచి చెల్లెలి ఫోను వచ్చింది. ఆమె భర్త మరమగ్గం కార్మికుడు. ఫోనులో ఆమె మాటల వెనుక సాంచాల చప్పుడు ఎడతెగక వినిపిస్తూనే ఉంది.

"అన్నా, అమ్మమ్మోళ్ల ఊరు మునిగినంక అమ్మకు ఒడిబియ్యం పోసినోళ్లు లేరు" అన్నది ఆమె. "ఉన్నోళ్లంత తలో దిక్కు కాలనీలల్ల వడ్డరు. ఒక్కసారన్న పుట్టింటి బియ్యం కొంగుల వట్టుకుంట అని అమ్మ అంటుండె. నేను బిడ్డను, నేను పొయ్యరాదంటరు. బియ్యానికి పసుపు పట్టించి మూటగట్టి పెట్టిన. ఆ ఊరి నీళ్లల్ల ముంచి, గంగల అమ్మకు పొయ్యుండ్రి. అప్పుడు ఆ ఊరు పోసినట్టే గద!"

తెలంగాణ పల్లెలలో ఆడబిడ్డకు పుట్టింటివారు పసుపు కలిపిన బియ్యాన్ని, చీర రవికలతో ఒడిలో పోయడం ఎంతటి గౌరవమో ఇక్కడివారికి వేరే చెప్పనక్కరలేదు. పేదవారైనా అప్పు చేసి పోస్తారు. ముంపు పరిహారాల లెక్కలలో ఇళ్లు, పొలాలు, చెట్లు, బావులు చేరాయి. ఆడబిడ్డకు ఒడిబియ్యం పోసే గడపకు అందులో గడి లేదు.

కొడుకు ఫోను పెట్టేసి చాలాసేపు నోటు పుస్తకాన్ని చూస్తూ కూర్చున్నాడు. అతని ప్రణాళికలో గోదావరి ముందు, మానేరు తరువాత. ఆ వరుసలో బియ్యం చేరదు. తండ్రి మొదటి రోజునే ఒక మాట అన్నాడు: ఏరు ఎటు పారుతుందో అటే పోదామని. పెద్ద దారి జగిత్యాల వైపు ఉంది కదా, మలి రోజు అలసటతో గతుకుల దారి ఎందుకని కొడుకు అప్పుడు కొట్టివేశాడు. ఇప్పుడు ఆయన ఆ మాట మళ్లీ ఎత్తలేదు. పెన్ను తీసి కొడుకు ముందు పెట్టాడు.

కొడుకు రెండు పేజీలు చించి, మళ్లీ గళ్లు కట్టాడు. కోరుట్ల నుంచి కథలాపూరు, చందుర్తి మీదుగా వేములవాడ. వేములవాడ నుంచి సిరిసిల్ల. రాత్రి బస చెల్లెలి ఇంట. తెల్లవారి పొద్దు తాటిచెట్టంత ఎక్కే వేళకు కొదురుపాక వంతెన. అక్కడి నుంచి మానేటితో పాటు కరీంనగరు, మంథని, ఆరెంద. తరువాత గోదావరి వెంట పైకి కోటిలింగాల, ధర్మపురి, చివరకు జగిత్యాల మీదుగా ఇల్లు. రెండు రోజుల పని మూడు రోజులైంది.

"బియ్యం ఆరెందల పోద్దామా, ధర్మపురిల పోద్దామా?" అని అడిగాడు.

"సగం కలిసే కాడ, సగం అమ్మ ఉన్న కాడ" అన్నాడు తండ్రి.

బయలుదేరిన నాడు ఇంకా చీకటిగానే ఉంది. తండ్రి ముందు సీటులో కూర్చొని, చుట్టచుట్టిన పాత పటాన్ని మోకాళ్ల మధ్య నిలబెట్టుకున్నాడు. వెనుక సీటులో ఇరవై లీటర్ల నీళ్ల డబ్బా, దాని పక్కన సద్దిమూట, చెల్లెలి పిల్లలకు సకినాల డబ్బా. పెద్ద దారి మీద లారీలు జగిత్యాల వైపు పోతున్నాయి. కొడుకు వాటిని పోనిచ్చి, వేములవాడ దారికి బండి తిప్పాడు. తండ్రి నోటు పుస్తకం తెరచి, టార్చి వెలుగులో మొదటి మజిలీ ఎదురుగా నీటి గడిలో రాశాడు: "వాగులు తగ్గినవి. దారి ఆరినది. ముందర అడగవలెను."